సైడ్ ఏ చివర్లో తెగిపోయిన పాట

మా ఇంట్లో గిటారిస్టు కార్లోస్ సంతానా పేరు మొట్టమొదట చదివింది మా అమ్మమ్మ. చదివి, పొరపాటుపడింది.

1988 సంగతి. విజయవాడ సత్యనారాయణపురం రైల్వే కాలనీలో మా చిన్నమామయ్య క్వార్టర్. నేను ఇంటర్ చదువుతూ వాళ్ళింట్లోనే ఉండేవాణ్ణి. మామయ్య పగలు రైల్వేలో గుమాస్తా, రాత్రి ఆర్కెస్ట్రాలో లీడ్ గిటార్. స్ట్రింగులు కొనడానికి మద్రాసు వెళ్ళినప్పుడల్లా బర్మా బజార్‌లో ఓ చుట్టు చుట్టి ఏదో ఒకటి తెచ్చేవాడు. ఆసారి తెచ్చింది ఒక అరవై నిమిషాల క్యాసెట్. అక్కడి ఫ్రెండెవరో తనకి నచ్చిన ఇంగ్లీషు పాటలన్నీ కలిపి రికార్డు చేసిచ్చాడట. మామయ్య దాని అట్ట మీద బాల్ పెన్నుతో తెలుగులో పేర్లు రాసుకున్నాడు. సైడ్ ఏలో అన్నిటికన్నా కింద ‘సంతాన’ అని ఉంది. దీర్ఘం పెట్టలేదు.

అమ్మమ్మ ఆ అట్ట పట్టుకుని చాలాసేపు చూసింది. మామయ్యకి అప్పటికి ముప్పై నాలుగు నిండాయి, పెళ్ళి కాలేదు. "సంతాన గోపాల స్తోత్రమా? పెళ్ళి మాట ఎత్తితే లేచిపోతావు, ఇదెందుకురా నీకు?" అంది. కాసేపాగి, "సర్లే, తెచ్చావుగా, పెట్టు, విందాం" అని పీట వాల్చుకుని కూర్చుంది. మామయ్య నవ్వాపుకుంటూ టూ-ఇన్-వన్‌లో పెట్టాడు. ముందు ఒక ఆర్గన్, దాని మీద మెల్లగా ఒళ్ళు విరుచుకుంటున్నట్టు ఒక గిటారు, కింద కాంగోలనే పొడుగు డోళ్ళ మీద వేళ్ళు. అమ్మమ్మ నిమిషం పాటు ఓపిగ్గా విని, "గోపాలుడు ఎప్పుడొస్తాడ్రా?" అంది.

ఆ పాట పేరు ‘బ్లాక్ మ్యాజిక్ ఉమన్’. తన మీద మంత్రమేదో వేసిన ఆడమనిషిని తలుచుకుని ఒకడు వాపోవడమే పాటంతా. ఆ సంగతి అమ్మమ్మకి ఎవరూ చెప్పలేదు. చెప్పి బతికి బట్టకట్టగలమా?

ఆ వర్షనులో గిటారు వాయించినవాడు మెక్సికోలోని ఆట్లాన్ అనే ఊళ్ళో పుట్టాడు. వాళ్ళ నాన్న మరియాచీ మేళంలో వయొలిన్ వాయించేవాడు. కుటుంబం టిహ్వానాకి, అక్కణ్ణించి శాన్‌ఫ్రాన్సిస్కోకి చేరింది. 1969 ఆగస్టులో వుడ్‌స్టాక్ సంగీతోత్సవంలో వేదికెక్కేనాటికి అతని బ్యాండు మొదటి ఆల్బమ్ ఇంకా మార్కెట్లోకి రాలేదు. ఏడాది తిరిగాక, 1970 సెప్టెంబరులో వచ్చిన ‘అబ్రాక్సస్’ అమెరికాలో నంబర్ వన్ అయింది. అందులోంచి సింగిల్‌గా విడుదలైన ఈ పాట 1971 మొదట్లో నాలుగో స్థానం దాకా వెళ్ళింది. ఇవన్నీ నేను తర్వాతెప్పుడో చదివి తెలుసుకున్నవి. అప్పట్లో మా దగ్గరున్నది ఆ ఒక్క క్యాసెట్టే. కవరు లేదు, పేర్లు లేవు, ఎవడు ఏం వాయించాడో చెప్పేవాడు లేడు. పాడింది కూడా సంతానాయే అనుకున్నాం. కాదు, ఆ గొంతు ఆర్గన్ వాయించిన గ్రెగ్ రోలీది.

మామయ్య ఆ పాట నేర్చుకున్న తీరు చెప్పాలి. నోట్స్ లేవు, పుస్తకం లేదు. ప్లే, స్టాప్, రివైండ్, మళ్ళీ ప్లే. ఒక్కో ముక్కా చెవితో పట్టుకుని వేళ్ళకి దించుకోవడమే. రెండు వారాలకి రివైండ్ బటన్ లూజైపోయి, పెన్సిల్‌తో తిప్పాల్సి వచ్చింది. టేపు సాగిపోయి శ్రుతి కాస్త దిగింది. మామయ్య గిటారు శ్రుతి కూడా దానికి తగ్గట్టు దించుకున్నాడు. కోర్డులు డీ మైనర్, జీ మైనర్, ఏ మైనర్, అంతే. "మైనర్ స్కేల్ అంటే మన నఠభైరవి. వీడు సోలోలో ఎక్కువగా తిరిగేది మాత్రం ఐదు స్వరాల్లోనే. శుద్ధ ధన్యాసి అనుకో" అన్నాడోసారి. చిన్నప్పుడు నాలుగేళ్ళు వయొలిన్ నేర్చుకున్నాడు, గురువుగారు కొడితే మానేశాడు. ఆ నాలుగేళ్ళూ ఇలా ఎక్కడో ఒకచోట బయటపడుతుండేవి.

ఆ గిటారు సంగతి కూడా. అది కలకత్తా గివ్‌సన్. అమెరికాది గిబ్సన్, మామయ్యది గివ్‌సన్. "ఒక్క అక్షరమేరా తేడా, మిగతాదంతా సేమ్" అనేవాడు.

అసలు కథ సైడ్ ఏ చివర్లో ఉంది. పాట ఐదు నిమిషాలు దాటుతుంది. మాటలయ్యాక గిటారు ఊపందుకుని, తెలియకుండానే ఇంకో ట్యూన్‌లోకి జారిపోతుంది. అది గాబోర్ సాబో అనే హంగరీ గిటారిస్టు 1966లో చేసిన ‘జిప్సీ క్వీన్’. సంతానాకి ఆయనంటే ఇష్టం, అందుకని రెండూ కలిపి కుట్టేశాడు. అక్కణ్ణించి డ్రమ్స్, కాంగోలు, టింబాలీలు ఒకదాన్నొకటి తరుముకుంటాయి. సరిగ్గా ఆ పరుగులో, గిటారు ఒక స్వరం మీదికి ఎగిరి ఇంకా దిగకముందే, మా క్యాసెట్‌లో సైడ్ ఏ అయిపోయేది. టక్. బటన్ పైకి లేచేది. ఆ తర్వాత ఏముందో మాకు తెలీదు. మద్రాసు ఫ్రెండుని అడుగుదామంటే అతనికి అప్పటికే భిలాయ్ ట్రాన్స్‌ఫర్ అయింది.

దాంతో మామయ్య పాటని ఎంతవరకు విన్నాడో అంతవరకే నేర్చుకున్నాడు.

ఆ ఏడాది వినాయకచవితి నవరాత్రుల్లో కృష్ణలంకలో ఒక పందిరి దగ్గర వీళ్ళ ప్రోగ్రాం. నేను వైర్లు చుట్టడానికి, మైకు స్టాండు మోయడానికి వెళ్ళేవాణ్ణి, పులిహోర పొట్లం జీతం మీద. ఆ రాత్రి పాడాల్సినాయన ఇంకో పందిట్లో ఇరుక్కుపోయాడు. తొమ్మిదిన్నర దాటింది. జనం ఈలలు. కమిటీ పెద్దాయన చెమటలు తుడుచుకుంటూ స్టేజీ పక్కకొచ్చి, "మాస్టారూ, ఏదో ఒకటి కొట్టండి, కుర్చీలు లేచేట్టున్నాయి" అన్నాడు. మామయ్య కాంగోలాయన వైపు చూశాడు. ఈ పాటంటే ఆయనకి ప్రాణం. సినిమా పాటల్లో ఆయన పని వెనకాల ఎక్కడో, ఇందులో మాత్రం ముందు వరస. కీబోర్డు కుర్రాడు క్యాసియోలో ఆర్గన్ సౌండు నొక్కాడు. మొదలెట్టేశారు. పాడేవాళ్ళు లేరు కాబట్టి మాటల చోట కూడా గిటారే.

మొదటి నిమిషం ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత వెనకవరసలో పిల్లలు తాళం వేయడం మొదలెట్టారు. కాంగోలు పరుగెత్తే ముక్క వచ్చేసరికి పందిరి సద్దుమణిగింది. ట్యూబ్‌లైట్ల చుట్టూ పురుగులు, వాటి కింద మామయ్య, కళ్ళు మూసుకుని, గిటారు మెడ పైకెత్తి. సరిగ్గా టేపు తెగే చోటికి వచ్చాడు, స్వరం మీదికి ఎగిరాడు, అక్కడే ఠక్కున ఆపేశాడు. డ్రమ్స్, కాంగోలు, కీబోర్డు అన్నీ అదే క్షణాన. ముందుగా అనుకుని ప్రాక్టీసు చేసిన ఆపడం అది. ఒక క్షణం జనరేటర్ చప్పుడు తప్ప ఏమీ లేదు. తర్వాత చప్పట్లు. ఎవడో వెనకనుంచి "చిరంజీవి పాట కొట్టండి మాస్టారూ!" అని అరిచాడనుకోండి, అది వేరే సంగతి. స్టేజీ దిగుతుంటే ఒక పెద్దాయన మామయ్య చెయ్యి పట్టుకుని, "బావుంది బాబూ, ఏ సినిమాలోది?" అన్నాడు. మామయ్య ఏమాత్రం తడుముకోకుండా "ఇంకా రిలీజ్ కాలేదండీ" అన్నాడు.

ఆ తర్వాత పదేళ్ళు ఆ పాట వాళ్ళ ఆర్కెస్ట్రాలో ఉండిపోయింది. సింగర్ లేటైనా, కరెంటు పోయొచ్చినా, ఏ ఊళ్ళోనైనా అదే. ఆగడం కూడా అక్కడే.

1999లో, కంప్యూటర్లలో రెండంకెల సంవత్సరాన్ని నాలుగంకెలుగా మార్చడానికి మనవాళ్ళందరూ విమానాలెక్కుతున్న రోజుల్లో, నేనూ లండన్ చేరాను. ఆదివారాలు చేతిలో డబ్బుండేది కాదు, టైముండేది. నాటింగ్ హిల్ దగ్గర ఒక సెకండ్‌హ్యాండ్ రికార్డుల షాపులో గంటలకొద్దీ నిలబడేవాణ్ణి. అక్కడొక సీడీ దొరికింది. కవరు మీద నన్ వేషంలో ఒకామె, చేతుల్లో పెద్ద తెల్లపక్షి. బ్యాండు పేరు ఫ్లీట్‌వుడ్ మ్యాక్. నాకు తెలిసిన ఫ్లీట్‌వుడ్ మ్యాక్ అంటే 1977 ‘రూమర్స్’, కాలిఫోర్నియా ఎండలాంటి పాటలు, ఇద్దరు ఆడగొంతులు. ఈ సీడీ వెనకాల పాటల పట్టీలో ‘బ్లాక్ మ్యాజిక్ ఉమన్’ కనపడింది. ఓహో, వీళ్ళు కూడా సంతానా పాట వాయించారన్నమాట అనుకున్నాను. చేతిలో ఉన్నది అసలు, నేను అనుకుంటున్నది కాపీ. నా లెక్క పూర్తిగా తిరగబడి ఉంది.

సంవత్సరం చూశాను. 1968. రాసినవారు, పి. గ్రీన్.

పాతికేళ్ళ బ్రిటిష్ పాప్ చరిత్ర నోటికొచ్చిన ఆ షాపు కుర్రాడు నా ముఖం చూసి జాలిపడ్డాడు. గ్రీన్ అంటే పీటర్ గ్రీన్ అని చెప్పాడు. లండన్‌లో బెత్నల్ గ్రీన్ కుర్రాడు. 1966లో జాన్ మాయల్ బ్యాండులో ఎరిక్ క్లాప్టన్ ఖాళీ చేసిన కుర్చీలో కూర్చున్నాడు. అంత పెద్ద కుర్చీలో కూర్చుని కూడా కుంగిపోలేదు. మరుసటేడు సొంత బ్యాండు పెట్టుకున్నప్పుడు పాటలు తనవి, గిటారు తనది, పాడేది తను, కానీ బ్యాండుకి పెట్టింది మాత్రం డ్రమ్మర్ ఫ్లీట్‌వుడ్ పేరు, బేస్ వాయించే మెక్‌వీ పేరు. అప్పటికి మెక్‌వీ ఇంకా బ్యాండులో చేరనే లేదు! ‘బ్లాక్ మ్యాజిక్ ఉమన్’ సింగిల్ 1968 మార్చిలో వస్తే బ్రిటన్ చార్టుల్లో 37వ స్థానం దాకా వెళ్ళి ఆగిపోయింది. రెండేళ్ళ తర్వాత అదే పాట శాన్‌ఫ్రాన్సిస్కోకి దత్తత పోయింది. ఇంటిపేరు మారిపోయింది. ఇక పుట్టింటి పేరు ఎవరడుగుతారు?

రూముకి తెచ్చుకుని విన్నాను. నిజం చెప్పాలంటే మొదటిసారి నిరుత్సాహపడ్డాను. కాంగోలు లేవు. ఆర్గన్ లేదు. మూడు నిమిషాలు కూడా నిండలేదు. బాగా తెలిసిన మనిషిని పాస్‌పోర్టు ఫోటోలో చూసినట్టుంది. ఉన్నదల్లా ఒక గిటారు, కాస్త జీరగా, ఎవరితోనూ చెప్పుకోలేనిదాన్ని చెబుతున్నట్టున్న గొంతు. పాట చివర్లో తాళం మారి షఫుల్‌లోకి, అంటే ఊగుతూ పరుగెత్తే లయలోకి, దూకుతుంది. ఇదేదో విన్నట్టుందే అనిపించింది. సంతానా ‘జిప్సీ క్వీన్’లోకి పరుగెత్తే చోటు ఇది. ఆ పరుగుకి విత్తనం ఇక్కడే ఉందన్నమాట.

ఆ విత్తనం కూడా గ్రీన్ సొంతం కాదని తర్వాత తెలిసింది. చికాగోలో ఓటిస్ రష్ అనే బ్లూస్ గిటారిస్టు 1958లో రికార్డు చేసిన ‘ఆల్ యువర్ లవ్’ వినండి. అదే మైనర్ దిగులు, అదే లాటిన్ వాసన తగిలిన నడక, మధ్యలో అలాగే ఉన్నట్టుండి షఫుల్. తాతగారి ముక్కు మనవడికి వచ్చినట్టు స్పష్టంగా పోల్చుకోవచ్చు.

ఆ రాత్రే కాలింగ్ కార్డు గీకి మామయ్యకి ఫోన్ చేశాను. అప్పటికి పెళ్ళయి ఇద్దరు పిల్లలు. సంతాన గోపాలుడు ఆలస్యంగానైనా వచ్చాడని అమ్మమ్మ నమ్మకం.

"మామయ్యా, ఆ పాట సంతానాది కాదట."

అటువైపు కాసేపు గరగర.

"మరెవరిది?"

చెప్పాను. పీటర్ గ్రీన్, 1968, లండన్, అన్నీ. విన్నాడు.

"పదేళ్ళుగా మనం వాయిస్తున్నది ఎవరిదిరా మరి?" అన్నాడు. నేను జవాబు వెతుక్కునేలోపు, "సరే, నీ కార్డు అయిపోతుంది, పెట్టెయ్. ఆ సీడీ మాత్రం మర్చిపోకుండా తీసుకురా" అన్నాడు.

2001లో వెనక్కి వచ్చినప్పుడు తెచ్చాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక, ముందుగదిలో ఫ్యాన్ కింద, మామయ్య చాప మీద వెల్లకిలా పడుకుని విన్నాడు. అయిపోయాక ఏమీ అనలేదు. చూపుడువేలు గాల్లో గుండ్రంగా తిప్పాడు, అంటే మళ్ళీ పెట్టమని. రెండోసారి లేచి కూర్చున్నాడు. మోకాలి మీద ఎడమచేతి వేళ్ళు కోర్డులు పట్టుకుంటున్నాయి. సోలో దగ్గర నవ్వాడు.

"వీడు పిసినారిరా" అన్నాడు. "నాలుగు స్వరాలు వేస్తాడు, ఐదోది మన చేత వేయిస్తాడు. సంతానా అయితే భోజనం పెట్టి, వద్దన్నా నెయ్యి వేస్తాడు."

ఇద్దరి గురించీ చాలా చదివాను, ఇంతకన్నా బాగా చెప్పినవాళ్ళు నాకు తగల్లేదు. బ్లూస్ గిటారుకి పెద్దదిక్కు బీబీ కింగ్ అంతటివాడు తనకి చెమటలు పట్టించిన గిటారిస్టు పీటర్ గ్రీన్ ఒక్కడేనన్నాడు. ఆ చెమటలు కూడా వాయించిన స్వరాల వల్ల కాదు, ఆపుకున్న స్వరాల వల్లే అయ్యుంటాయి.

ఏది గొప్పది అని ఇప్పటికీ పిల్లలు అడుగుతుంటారు. సంతానా వర్షన్ లేకపోతే ఆ పాట కృష్ణలంక దాకా వచ్చేది కాదు. ఆ కాంగోలే దానికి దారి వేశాయి. గ్రీన్ పాటలో మా కాంగోలాయనకి పనే లేదు కదా, ఆ రాత్రి స్టేజీ మీద ఆయన ఏం చేస్తాడు? కానీ ఒంటరిగా, రాత్రిపూట, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినాల్సి వస్తే నేను 1968దే పెట్టుకుంటాను. వయసు వల్ల కూడా కావచ్చు.

గ్రీన్ జీవితం చదివాక అది ఇంకోలా వినపడటం మొదలైంది. సంతానా రికార్డు వచ్చేనాటికే, 1970 మేలో, అతను తను పెట్టిన బ్యాండు వదిలేశాడు. డబ్బంటే విరక్తి, ఎల్ఎస్‌డీ మత్తు, ఆ పైన మనసు పట్టుతప్పడం. స్కిజోఫ్రెనియా అన్నారు, ఆసుపత్రుల్లో కరెంటు షాకులిచ్చారు. 1977లో తన అకౌంటెంటుని తుపాకీతో బెదిరించాడని అరెస్టు కూడా చేశారు. సరిగ్గా అదే ఏడు అతను పేరు పెట్టిన బ్యాండు, అతను లేకుండా, ‘రూమర్స్’తో ప్రపంచాన్ని ఊపేస్తోంది. అతని 1959 గిబ్సన్ లెస్ పాల్ గిటారు ఇంకో గిటారిస్టు గ్యారీ మూర్ చేతికి వెళ్ళింది, ఇప్పుడు మెటాలికా బ్యాండు కిర్క్ హామెట్ దగ్గరుంది. అందులో తీగల చప్పుడు పట్టే రెండు పికప్‌లలో ఒకదాని అయస్కాంతం తిరగబడి ఉండటం వల్ల రెండు పికప్‌లూ కలిపితే ముక్కుతో మాట్లాడుతున్నట్టు ఒక వింత నాదం వస్తుంది. తర్వాత చాలామంది అలాంటి లోపాన్ని పనిగట్టుకుని తమ గిటార్లలో చేయించుకున్నారు.

యూట్యూబ్ వచ్చాక, ఒక వీడియో కోసం మామయ్యా నేనూ ఒకే కుర్చీ పంచుకున్నాం. 1998 జనవరి, న్యూయార్క్, వాల్డార్ఫ్ అస్టోరియా హోటల్. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి ఒకే రాత్రి ఫ్లీట్‌వుడ్ మ్యాక్‌నీ సంతానానీ చేర్చుకుంటున్నారు. పీటర్ గ్రీన్ వచ్చాడు. వాయించింది తన పాత బ్యాండుతో కాదు, సంతానాతో. పాట ఏదో చెప్పక్కర్లేదు. కన్నతండ్రి, పెంచిన తండ్రి పక్కపక్కన నిలబడి పిల్లాడి పెళ్ళిలో అక్షింతలు వేస్తున్నట్టుంది. మామయ్య స్క్రీన్‌కి దగ్గరగా ముఖం పెట్టి గ్రీన్ వేళ్ళనే చూశాడు. "ఇంకా పిసినారే" అన్నాడు సంతోషంగా.

2020 జూలై 25న గ్రీన్ నిద్రలోనే పోయాడు, 73 ఏళ్ళకి. కరోనా రోజులు. నేను హైదరాబాదులో, మామయ్య విజయవాడలో. వార్త చదివి వీడియో కాల్ చేశాను. ముందు మాస్కుల గురించి, ఆక్సీమీటర్ ధర గురించి మాట్లాడుకున్నాం. తర్వాత చెప్పాను. "అయ్యో" అని లేచి వెళ్ళిపోయాడు. ఫోను సీలింగు ఫ్యాన్ వైపు తిరిగి ఉంది. అల్మారా చప్పుడు, అత్తయ్య "ఇప్పుడెందుకండీ అది" అనడం వినపడ్డాయి.

గివ్‌సన్ పట్టుకుని వచ్చాడు. ఒక స్ట్రింగు లేదు. ఎడమచేతి ఉంగరం వేలు మునుపటిలా వంగడం లేదు, కీళ్ళవాతం. శ్రుతి చేసుకున్నాడు, సాగిపోయిన క్యాసెట్ శ్రుతికే, కాస్త దించి. మొదలెట్టాడు. గ్రీన్‌లా అరకొరగా మొదలై, రెండో చరణానికి అలవాటు లాక్కెళ్ళిపోయి సంతానా అయింది. జిప్సీ క్వీన్ దగ్గర వేళ్ళు వెనకబడ్డాయి. నోటితో కాంగోలు వాయిస్తూ వాటిని తోలుకొచ్చాడు. పూర్తి పాట విని అప్పటికి ఇరవయ్యేళ్ళు. ఆ పరుగు తర్వాత ఏముందో స్వరం స్వరం తెలుసు.

పైస్వరం మీదికి ఎగిరాడు, అరచెయ్యి స్ట్రింగుల మీద వేసి ఠక్కున ఆపేశాడు.

"సైడ్ బీ తిప్పు" అన్నాడు.